మాస్టారి ఆలస్యం మీద నా ఉపన్యాసం

బడులు బాగుచేయాలన్న మాట ఎత్తితే చాలు, ఈ రోజుల్లో ప్రతివాడూ మాస్టార్ల మీద పడతాడు. నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటారా? ఆ ఘనకార్యం మీకంటే ముందే చేసి, నా పరువు నేనే తగలబెట్టుకున్నాను. వినండి.

డెబ్బైల నాటి మాట. ఉయ్యూరు పక్కన మా ఊరు. నేను బడి గుమ్మం ఎక్కలేదు. పకోడీ పొట్లాల కాగితాలు చదివి పండితుణ్ణయ్యాను. మా బడికి ఒక్కరే మాస్టారు, దేవదానం గారు. ఆయన పొద్దున బస్సు దిగేసరికి, నాగరత్నమ్మ కాఫీ హోటలు ముందు పేపరు పట్టుకుని చేప కోసం కొంగలా నిలబడేవాణ్ణి.

"మాస్టారూ, విద్యావిధానం మార్చాలా, వద్దా?"

"మార్చాలి బాబూ. బడికి టైమైంది, సాయంత్రం మాట్లాడదాం."

"దేశం తగలడిపోతుంటే టైమేంటండీ! కూర్చోండి!"

మెత్తటి మనిషి, కూర్చునేవారు.

ఒకరోజు బడుల ఇన్‌స్పెక్టరు గారొచ్చి ఊళ్ళో మీటింగు పెట్టారు. "ఇక్కడి పిల్లలకు ఎక్కాలెందుకు రావడం లేదు?" అన్నారు. ఇంకేం, లేచాను.

"ఎలా వస్తాయండీ? మాస్టారు ఏనాడైనా టైముకి తలుపు తీస్తేగా! దేశానికి పట్టిన చీడే ఈ మాస్టార్లు!"

చప్పట్లు! నేను మరో జానెడు ఎత్తు పెరిగాను.

"కారణం చెప్పండి మాస్టారూ, లేకపోతే బదిలీ తప్పదు" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. మాస్టారి భార్య అప్పుడు నిండు చూలాలు. ఆయన నా వంక ఒకసారి చూసి తల దించుకున్నారు.

"తప్పు నాదేనండీ."

"చూశారా, ఒప్పుకున్నారు!" అని అరిచాను.

నాగరత్నమ్మ కొంగు దోపి లేచింది. "ఏంటయ్యా ఒప్పుకునేది? రోజూ ఆయన చెయ్యి పట్టుకుని నా బల్ల మీద కూలేసేది ఎవరు? గంట కొట్టాలి బాబూ అంటుంటే, ఇంకో కాఫీ అని కేకేసేది నువ్వు కాదూ?"

జనం నవ్విన నవ్వుకి చక్కెర ఫ్యాక్టరీ కూత కూడా వినపడలేదు. ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట. నేను మద్దెల చించి మరీ ఓడన్నాను!

"ఈ మాట ముందే చెప్పరేం?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"చదువుకోలేదన్న బాధతో అడుగుతాడండీ ఆ అబ్బాయి. కాదనలేకపోయాను."

నా ముఖం ఎక్కడ పెట్టుకోను? అయినా బడి తాళం ఆయన చేతిలోదే కదా అని, మైలవరం అవతలికి బదిలీ చేశారు. నిండు చూలాలైన భార్యను పట్టుకుని ఆయన బస్సెక్కుతుంటే, నేను పేపరు చాటున దాక్కున్నాను.

కొత్త మాస్టారొచ్చారు. గంట ఠంచనుగా మోగుతోంది. మనిషి మాత్రం హోటలు ముందు బస్సు దిగడు!

"ఎలా వస్తున్నాడమ్మా?" అని నాగరత్నమ్మనడిగాను.

"ఒక స్టాపు ముందే దిగి, చెరుకు తోటలకి అడ్డంపడి. దేవదానం గారు చెప్పి వెళ్ళారంట."

"ఏమని?"

"ఆ అబ్బాయి మంచివాడే గానీ, సాయంత్రం కలవండి అని."

కాబట్టి అయ్యలారా, ఆ చెరుకు తోటల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: బడులెవరి వల్ల చెడ్డాయో తేల్చే చర్చల్లో నోరు విప్పను. కనీసం సాయంత్రం గంట కొట్టేదాకా!