జత ఒక ఇంట్లో నిద్ర చేయకూడదు

బావ పోయాడు. ఆదివారం పొద్దున్న నేను ఇంటికి తాళం వేస్తుంటే అక్కయ్య, అంటే బావ భార్య, ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావ లెగనేదు. టీ ఎట్టి పిలిసినాను. లెగనేదు" అంది.

అప్పటికే నా చొక్కా జేబులో రుమాల్లో చుట్టిన బొమ్మ ఫైరింజను ఒకటి ఉంది. అరచేతిలో పట్టేంత ఎర్ర బండి. దాని జత బావ ఇంట్లో ఉంది. ఆ రోజు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామనుకున్నాం. దాన్ని తీసి లోపల పెట్టాలని కూడా తోచక అలాగే బస్సెక్కాను. శ్మశానంలో అందరితో పాటు నిలబడ్డప్పుడు కూడా అది నా జేబులోనే ఉంది. వంగినప్పుడల్లా పడిపోకుండా చేత్తో పట్టుకున్నాను.

బావ నాకు చుట్టం కాదు. మా వాళ్లది గోదావరి వైపు. స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చి నేను గాజువాకలో స్థిరపడ్డాను. మా వైపు బావ అంటే మేనత్త కొడుకో అక్క మొగుడో అయి ఉండాలి. ఈ ఊళ్లో అలా కాదు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు మగవాళ్లు బస్సులో సీటు కోసం కొట్టుకున్నా బావా బావా అనుకుంటూనే కొట్టుకుంటారు. మొదట్లో నాకు ఆ పిలుపు ఇబ్బందిగా ఉండేది.

పూర్ణా మార్కెట్ వెనక ఒక పాతసామాన్ల కొట్టు ఉండేది. ఓడల్లో వచ్చే విదేశీ నావికులు వదిలేసినవో అమ్ముకున్నవో, అక్కడ అప్పుడప్పుడు పాత బొమ్మకార్లు తేలేవి. ప్లాస్టిక్‌వి కాదు, పోతపోసిన లోహపు కార్లు, ఇంగ్లండులో చేసినవి. ఒకరోజు నేను ఒక కారు తీసి వెల్లకిలా తిప్పి, అడుగున ఉన్న అక్షరాలు చూస్తున్నాను. పక్కన ఎవరో నవ్వారు.

"ఎవులైనా ముందు రంగు సూత్తారు. అడుగు సూసినోడివి నువ్వే బావా" అన్నాడు.

అంతే, ఆ రోజు నుంచి బావ అయిపోయాడు.

రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు బావ. అన్ని లారీలు చూసినవాడివి, ఈ బొమ్మల మీద ఇంత పిచ్చి ఏమిటని ఒకసారి అడిగాను. "పైన కేబిన్‌లో కూకుంటే బళ్లన్నీ ఇంతింతే కనబడేవి. సర్వీసంతా బళ్ల నెత్తులే సూసినాను. ఈటికైతే తిప్పి అడుగు కూడా సూడొచ్చు" అన్నాడు. తర్వాత తనే సిగ్గుపడి, టీ చల్లారిపోతోందని కసిరాడు.

ఈ సరదా లేనివాళ్లకు ఇది కాస్త విడమరిచి చెప్పాలి. కంపెనీవాళ్లు ఒకే కారును ఏళ్ల తరబడి పోతపోస్తూ, మధ్యలో చెప్పాపెట్టకుండా ఏదో ఒకటి మార్చేసేవారు. బూడిదరంగు చక్రం నల్లదయ్యేది. కిటికీలో ఆకుపచ్చ ఛాయ పోయేది. ఇరుసు కొసను ముందు నొక్కి చదును చేసేవారు, తర్వాత మేకు తలలా గుండ్రంగా చేశారు. అలా మారినవి రెండూ దొరికితే మాకు అది జత. మిగతా లోకానికి అవి రెండు ఒకేలాంటి పాత బొమ్మలు. మా ఆవిడ ఉన్నప్పుడు, తేడా ఎక్కడుందో చెప్పమని అడిగి, చెప్పడం మొదలుపెట్టగానే పొయ్యి మీద కూర ఉందని లేచిపోయేది.

మొదటిసారి జత దొరికినప్పుడు రెండూ నువ్వే ఉంచుకో అన్నాను. బావ ఒప్పుకోలేదు.

"రెండూ నా కాడుంటే నువ్వెందుకొత్తావు? ఒకటి నీ కాడ, ఒకటి నా కాడ. పక్కన ఎట్టి సూడాలంటే తేవాల. సూసింతర్వాత అట్టుకెల్లిపోవాల. జత ఒక ఇంట్లో నిద్ర సెయ్యకూడదు" అన్నాడు.

వంటింట్లోంచి అక్కయ్య అందుకుంది. "ఆసాడం కొత్త జంటేటి, ఇడదీసి ఉంచడానికి?"

ఆ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు. తుఫాను వాన కురుస్తున్నా కారు జేబులో పెట్టుకుని ఎవరింటికి వాళ్లం చేరాల్సిందే. మా ఆవిడ పోయిన తర్వాత ఆ నియమమే నన్ను నిలబెట్టింది. ఎవరైనా ఇంటికి రమ్మంటే నేను వెళ్లేవాణ్ని కాదు. కానీ జత చూడాలంటే వెళ్లాలి కదా. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత పోస్టాఫీసు దగ్గర దిగి నడిచేవాణ్ని. బావ నన్ను ఓదార్చిన గుర్తు ఒక్కటి కూడా లేదు. తలుపు తీస్తూనే "తెచ్చినావా?" అనేవాడు.

సముద్రపు గాలికి ఇరుసులు తుప్పు పడతాయని, పుల్ల కొసన కుట్టుమిషన్ నూనె ముంచి ఒక్కొక్క చుక్క పెట్టేవాడు. పెచ్చులూడిన చోట రంగు వేద్దామంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "ఆడుకున్న గుంటడెవడో గానీ, ఆ దెబ్బ ఆడిది. మనం సెరిపేత్తే ఎలాగ?" అనేవాడు. కారును రెండు వేళ్లతో పక్కల నుంచి పట్టి నిటారుగా లేపి, అంతే నిటారుగా దించేవాడు. టేబులు మీద చప్పుడయ్యేది కాదు.

ఒక్కసారి మాత్రం ఇద్దరం ఘోరంగా బోల్తాపడ్డాం. ఆ కొట్లోనే బావకు ఒక వ్యాను దొరికింది. నా దగ్గరున్నది తెల్లది. ఇది గోధుమరంగుకూ ఎరుపుకూ మధ్య ఏదో చెప్పలేని రంగు. అలాంటి రంగు ఉన్నట్టు మేం ఎక్కడా వినలేదు. బావ గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టాడు, గోడవతల ఎవరైనా వింటారేమోనని. నేను భూతద్దం పెట్టి చూసి, ఫ్యాక్టరీలో వేసిన రంగేనని తేల్చేశాను. స్వీట్లు కూడా తిన్నాం. మర్నాడు బీరువా తుడుస్తూ అక్కయ్య తడిగుడ్డతో వ్యాన్ని ఒక్క తుడుపు తుడిచింది. తెల్లటి వ్యాను బయటపడింది. అది ఇనప ఖనిజం దుమ్ము. బావ ఉద్యోగమంతా ఆ దుమ్ములోనే చేశాడు. నాది ఆ ఖనిజాన్నే కరిగించే ప్లాంటు. ఇద్దరికీ ఆ రంగు కనబడలేదు!

"డబ్బులెట్టి మట్టి కొనుక్కొచ్చినారు" అని అక్కయ్య ఆ గుడ్డను చాలాకాలం ఉతకకుండా దాచి, ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించింది. బావ నాతో మాత్రం నెమ్మదిగా అన్నాడు. "రోజూ సూసేదే కదా బావా. అందుకే కనబడనేదు."

కర్మలన్నీ అయ్యాక అక్కయ్య అద్దె ఇల్లు ఖాళీ చేసింది. పద్మనాభంలో చెల్లెలి దగ్గర ఉంటానంది. బావ కార్లన్నీ ఒక్కొక్కటీ పాత చీర ముక్కలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో సర్ది నా చేతిలో పెట్టింది. నాకు వద్దనిపించింది. కానీ అవి ఇంకెవరి దగ్గర ఉండాలి? తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి టేబులు మీద జతలన్నీ కలిపి పేర్చాను. ఇన్నేళ్లలో మొదటిసారి అన్నీ ఒకే చోట ఉన్నాయి. సంతోషించాల్సిన మాటే. కానీ ఇక నేను చొక్కా వేసుకుని వెళ్లాల్సిన చోటు లేదు. ఆటో అతను కూడా బావా అనే పిలుస్తాడు నన్ను, ఊరంతా బావలే. తలుపు తీసి తెచ్చినావా అనేవాడు లేడు.

మళ్లీ చూస్తే బావ ఫైరింజను ఒక్కటి అందులో లేదు. అక్కయ్యకు ఫోన్ చేశాను.

"తెల్సు. అది నాను ఉంచుకున్నాను. జత నీ కాడుంది కదా. ఆదివారం అట్టుకురా" అంది.

మొన్న ఆదివారం ఆనందపురం మీదుగా పద్మనాభం వెళ్లాను. చెల్లెలి ఇంటి ముందు అరుగు మీద అక్కయ్య పాత తువ్వాలు పరిచి, దాని మీద బావ బండి పెట్టి ఉంచింది. ఎదురుగా వరిచేలు. నా బండి తీసి పక్కన పెట్టాను. అక్కయ్య కళ్లజోడు పెట్టుకుని వంగింది. చాలాసేపు చూసింది, నిజంగానే చూసింది.

"నాకు రెండూ ఒక్కనాగే అవుపిత్తన్నాయి తమ్ముడూ. ఏటి తేడా?"

రెండు బళ్లనూ పక్కకు తిప్పాను. ఇరుసు కొస చూపించి, బావదేమో చదును, నాదేమో గుండ్రం అని చెప్పబోయాను. బావదేమో అన్నానంతే, ఆపైన రుమాలుతో ఆ ఇరుసు తుడుస్తూ ఉండిపోయాను.

అక్కయ్య తొందరపెట్టలేదు. లోపలికెళ్లి టీ తెచ్చింది. చీకటిపడక ముందే బస్సుందని లేచాను. నా బండిని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను. బావ బండిని అక్కయ్య రెండు వేళ్లతో పక్కల నుంచి పట్టి, నిటారుగా లేపి, అరచేతిలోకి దించుకుంది.