ఎవరో ఒక వినియోగదారుడు

ఆ రోజుల్లో నేను పది నిమిషాలు ఒకచోట కూర్చుంటే ఒంట్లో బాగోలేదేమోనని అడిగేవాళ్లు. రెండు వేల దశకం మొదట్లో ఉప్పల్, నాచారం ప్రాంతాలకు నేనొక దినపత్రిక విలేకరిని. పాత స్కూటర్ మీద లాలాపేట్‌లో బయల్దేరి మధ్యాహ్నానికల్లా నారపల్లి దాకా తిరిగొచ్చేవాణ్ణి. వార్త దొరక్కపోతే నా మీద నాకే కోపం వచ్చేది. (స్కూటర్ మీద కూడా వచ్చేది.)

కరెంటు అధికారులు నెలకోసారి నాచారంలో వినియోగదారుల సమావేశం పెట్టేవారు. చిన్న చిన్న షెడ్లు నడుపుకునేవాళ్లు కరెంటు పోయినప్పుడల్లా వీధిలో నిలబడి తిట్టిపోసేవారు. తీరా అధికారి ఎదురుగా కూర్చోగానే టీ తాగి, బిస్కెట్ తిని, నమస్కారం పెట్టి వెళ్లిపోయేవారు. నేను వెళ్లిన మొదటి సమావేశంలోనూ అంతే. అడిగేవాడు లేడు, నాకు వార్త లేదు. ఇక ఉండబట్టలేక లేచి, "గంటకు మూడుసార్లు కరెంటు పోతే మిషన్ మీదున్న పని ఏం కావాలండీ?" అని నేనే అడిగేశాను. అధికారి తడబడ్డారు. మర్నాడు మా పేపర్లో 'అధికారులను నిలదీసిన వినియోగదారుడు' అని వచ్చింది. నిలదీసిందీ నేనే, రాసిందీ నేనే. నా గదికీ మీటరుంది కాబట్టి నేనూ వినియోగదారుణ్ణేనని మనసుకు సర్దిచెప్పుకున్నాను. (మీటరు ఇంటి ఓనరు పేరు మీద ఉండేది.)

అలా ఆరు నెలలు గడిచేసరికి ఆ వినియోగదారుడికి ధైర్యం బాగా ముదిరింది. పాత ట్రాన్స్‌ఫార్మర్ కూడా మార్పించాడు. మా బ్యూరో ఇన్‌చార్జిని మేం చాటుగా 'కత్తెర గారు' అనేవాళ్లం. ఏ వార్త ఇచ్చినా సగం కోసేసే ఆయన, ఈ వినియోగదారుడి మాటల్లో మాత్రం ఒక్క అక్షరం ముట్టుకునేవారు కాదు. ఒకరోజు నన్ను పిలిచి, "ఏమయ్యా, ఎవరో గాని గట్టి మనిషిలా ఉన్నాడు. ఆదివారం పేజీకి ఇంటర్వ్యూ వేద్దాం. రేపు కెమెరా పట్టుకుని నేనే వస్తా, చూపించు" అన్నారు. నిజం తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, నాకు ఇంకో పని రాదు.

నా గది కింద లేత్ మిషన్ నడిపే అన్న దగ్గరికి పరిగెత్తి, ఒక్క పూట ఆ మనిషివి నువ్వేనని చెప్పమని కాళ్లావేళ్లా పడ్డాను.

"ఏంది తమ్మీ, గిన్ని దినాల సంది ఆఫీసర్ను అడుగుతున్నది నేనా? నాకే ఎరుక లేదు గదా!" అని నవ్వి, "ఫికర్ జేయకు. ఫోటో అంటున్నవు, తెల్లంగి ఏసుకుంట" అని ఒప్పుకున్నాడు.

మర్నాడు కత్తెర గారు ఆయన ముందు కూర్చుని, "మీకు అధికారులంటే భయం లేదా?" అని అడిగారు. అన్న నా వైపు చూశాడు. కళ్లతోనే దణ్ణం పెట్టాను.

"భయం లేకుంటే నేనే అడుగుతుంటి గద సార్" అన్నాడాయన. "మేం నోరు తెరిస్తే, రేపు ఫ్యూజు పోయిననాడు లైన్‌మన్ గిటు దిక్కు సూడడు. అందుకే మా అందరి తరఫున గీ తమ్మి అడుగుతడు. మస్తు అడుగుతడు సార్!"

పాపం, నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

కత్తెర గారు కెమెరా సంచిలో పెట్టేసుకున్నారు. ఉప్పల్ చౌరస్తా దాకా నా స్కూటర్ వెనక కూర్చుని వచ్చారు. దిగాక, "నువ్వు అడగడం తప్పు కాదయ్యా. అడిగి, ఎవరో అడిగారని రాయడం తప్పు. రేపటినుంచి రాకు" అన్నారు. సిగ్గుతో తలెత్తలేదు నేను. ఆయన రెండడుగులు వేసి వెనక్కి వచ్చారు. "అడగడం మాత్రం మానకు. జనం తరఫున అడగాలంటే నల్లకోటుంది. పోయి లా చదువు."

చదివాను. కోర్టుల్లో ఏళ్ల తరబడి తనివితీరా అడిగాను. తెలంగాణ వచ్చాక నన్ను కరెంటు చార్జీలు తేల్చే మండలిలో సభ్యుణ్ణి చేశారు. మొదటి బహిరంగ విచారణలో, "అభ్యంతరాలుంటే చెప్పండి" అన్నాను. ఎవరూ లేవలేదు. వెనక వరసలో షెడ్లవాళ్లు కొందరు నేలచూపులు చూస్తున్నారు. వాళ్ల భయం నాకు తెలుసు. లేచి అడగాలని నా కాళ్లు ఒకటే లాగుతున్నాయి. కానీ వేదిక మీదున్నవాడు వినాలి, వాళ్ల తరఫున వాదించకూడదు. వాళ్ల మధ్య నుంచి ఆగలేక లేచేవాడు ఒక్కడు కావాలి. అలాంటివాడు నాకు తెలిసి ఒకడుండేవాడు. వాణ్ణి తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టేశారు.