నడకల మాస్టారు

ఆ హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారి ఎదుట ఎవరు ఏ తప్పు మాట్లాడినా ఫరవాలేదు గాని, 'వాక్' అనే మాట మాత్రం అనకూడదు. అన్నారంటే ఆయనకు చెవిలో చీమ దూరినట్టుండేది.

"పిల్లి నడిచినా వాకే, మంత్రి నడిచినా వాకేనా? ఆ భాషలో నడకకి బీరువా నిండా మాటలున్నాయి. అన్నీ మడతపెట్టి దాచుకుని ఒక్క చొక్కాయే ఏడాది పొడుగునా తొడుక్కుంటారేం?" అనేవారు. అందుకే ఊరంతా ఆయన్ని నడకల మాస్టారు అనేది.

మాట చెప్పి ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఆయన చేసి చూపించేవారు. సాయంత్రం బడి వదిలాక లైబ్రరీకి వచ్చి, ఆ రోజు తను చేసిన ఘనకార్యం లైబ్రరీ టీచరుకు మళ్లీ నడిచి మరీ చెప్పేవారు. ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వేది.

ఒక ఆదివారం ఆయన భార్య, "పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెట్టాను, గబుక్కున పాలు పట్టుకురండి" అందట.

"సాంటర్ చేస్తూ వెళ్లొస్తానే" అని ఈయన బయల్దేరారు. సాంటర్ అంటే ఏ పనీ లేనట్టు, గాలి పీలుస్తూ, గోడల మీది రాతలు చదువుతూ నడవడమని ఆవిడకు ఆ రోజే తెలిసింది. ఈయన తిరిగొచ్చేసరికి నీళ్లు ఆవిరయ్యాయి, గిన్నె మాడింది, ఆవిడ పక్కింట్లో కాఫీ తాగి వచ్చేసింది.

"పరుగెత్తడానికి మాటలే లేవా ఆ భాషలో?"

"ఉన్నాయి. అది వేరే పాఠం."

హెడ్మాస్టరుగారిది బొద్దు శరీరం. ఒకరోజు ప్రార్థనకు ఆయన వేదిక వైపు వస్తుంటే, మన మాస్టారు ఒళ్లు మరిచి, మైకు తన ముందుందన్న సంగతి కూడా మరిచి, "ఆహా! వాడిల్!" అనేశారు.

"అంటే?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"బాతు నడక సార్. అటూ ఇటూ ఊగుతూ... చాలా అందమైన మాట."

"మాట సరే. నడక?"

"అదీ అందంగానే ఉంది సార్."

తూలుతూ నడిచే స్టాగర్ పాఠమైతే పోలీస్ స్టేషన్ దాకా వెళ్లింది. ఇరుకు గదిలో సరిగా తూలడం కుదరదని ఆయన నడిరోడ్డు మీద సాధన మొదలుపెట్టారు. కానిస్టేబులు వచ్చి రెక్క పట్టుకున్నాడు.

"తాగలేదు బాబూ, ఇది ఇంగ్లీషు!"

"చుక్క లోపల పడ్డాక అందరికీ ఇంగ్లీషే వస్తుంది. పదండి."

చివరికి హెడ్మాస్టరుగారే వెళ్లి, "ఈయన తాగరండీ, మామూలుగానే ఇలా ఉంటారు" అని పూచీపడి తీసుకొచ్చారు.

ఇన్ని నడకలకు నవ్విన లైబ్రరీ టీచరు ఒకనాడు పై అరలో దుమ్ము దులుపుతూ నిచ్చెన మీంచి పడింది. మోకాలి చిప్ప పగిలింది. నెలల తరబడి మంచాన ఉండి లేచేసరికి చేతికి కర్ర వచ్చింది. కుడికాలు ఈడ్చుకుంటూనే నడవాలి, ఇక ఇంతే అన్నాడు డాక్టరు.

తిరిగి బడికి బయల్దేరిన రోజున ఆవిడకు బెంగంతా వరండా గురించే. గేటు నుంచి లైబ్రరీకి వెళ్లాలంటే పొడవాటి వరండా దాటాలి. పొడుగునా తరగతి గదులు, తెరిచిన తలుపులు, తలుపుల నిండా కళ్లు. అన్నిటినీ మించి మాస్టారు! తన నడకకూ ఒక మాట ఉంది. అదేమిటో ఆవిడకు తెలుసు. ఆ లావుపాటి డిక్షనరీకి అట్ట వేసింది తనే మరి.

బెల్లు కాకముందే చప్పుడు లేకుండా వెళ్లిపోదామనుకుంది. బస్సు ఆలస్యమైంది. గేటు దగ్గర దిగేసరికి అన్ని గదుల్లోనూ పాఠాలు మొదలైపోయాయి. వరండా ఖాళీగా, ఏటికి ఆ ఒడ్డంత దూరంగా కనిపించింది. ఎనిమిదో తరగతి కిటికీలోంచి మాస్టారు తనను చూడనే చూశారు. ఆవిడ వెనక్కి తిరగబోయింది.

"లేవండర్రా! పాఠం వరండాలో!" అని ఆయన గొంతు వినిపించింది.

పిల్లలు కట్ట తెగినట్టు బయటికొచ్చారు. "నువ్వు టిప్‌టో, మునివేళ్ల మీద! నువ్వు మార్చ్! మీరంతా స్టాగర్, తూలండి, ఇంకా తూలండి!" ఆ గోలకు మిగతా గదులూ ఖాళీ అయ్యాయి. లెక్కల పంతులుగారు కూడా కాళ్లీడుస్తూ తిరగడం మొదలుపెట్టారు. హెడ్మాస్టరుగారు గదిలోంచి కోపంగా వచ్చి, "ఏమిటీ సంత?" అన్నారు.

మాస్టారు గేటు వైపు ఒకసారి చూశారు. హెడ్మాస్టరుగారూ చూశారు. గొంతు సవరించుకుని, "నేనేం చెయ్యాలయ్యా?" అన్నారు.

"వాడిల్ సార్."

"అది నాకు నేర్పక్కర్లేదు" అంటూ ఆయనా దిగారు.

ఆ జనంలో లైబ్రరీ టీచరు కర్ర తాటించుకుంటూ వచ్చేసింది. తిన్నగా నడిచేవాళ్లే లేని చోట ఆవిడ నడక ఎవరి కంటా పడలేదు, ఒక్క ముందు బెంచీ పిల్ల కంట తప్ప.

"సార్! టీచరుగారిది ఏ నడక సార్?"

ఆవిడ కాలు ఆగిపోయింది. మాస్టారు తూలడం ఆపి నిటారుగా నిలబడ్డారు.

"దాన్ని రావడం అంటారమ్మా. కమింగ్. ఎన్నాళ్లకో వచ్చారు. గుడ్ మార్నింగ్ చెప్పు."

"గుడ్ మార్నింగ్ టీచర్!" అని వరండా మొత్తం అరిచింది. ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. నవ్వుతోందని పిల్లలకు తెలుస్తూనే ఉంది.

లైబ్రరీ తాళం తీస్తుంటే అందరూ చుట్టూ మూగారు. "టీచర్, ఆ కర్ర ఒక్కసారి ఇస్తారా? మేమూ నడుస్తాం!"

ఆవిడ గుమ్మానికి ఆనుకుని కర్ర ముందుకు చాపింది. "విరగ్గొట్టారంటే ఒక్కరికి కూడా పుస్తకం ఇవ్వను. ముందు ఎవరికి కావాలి?"

పిల్లలందరినీ తోసుకుంటూ ముందుకొచ్చి చెయ్యి చాపింది మాస్టారే.