కన్ను ఆమెది

మొన్న మనవరాలి కాలివేలిలోకి పెరిగిన గోరు తీయించడానికి ఆస్పత్రికి వెళ్ళాము. అక్కడి నర్సు ముదురు గోధుమరంగు సీసా మూత తీయగానే తుప్పుపట్టిన తడి మేకుల వాసన వచ్చింది. చిన్న కోతలు కోశాక కారే రక్తం ఆగడానికి పూసే ఫెర్రిక్ ద్రావణం అది. ఆ వాసన తగిలితే నాకు శకుంతల డాక్టరమ్మ గుర్తొస్తారు, నడుము దానంతటదే నిటారవుతుంది.

ఎనభైల మధ్యలో నేను తమిళనాడులోని ధర్మపురిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కొత్త నర్సును. ఆస్పత్రి యజమాని పెద్ద డాక్టరు. ఆయన దగ్గర జీతానికి పనిచేసే సర్జను శకుంతలమ్మ. బయట అందరితో అరవం మాట్లాడినా, మాది కూడా తెలుగు ఇల్లేనని తెలిశాక నాతో తెలుగులోనే మాట్లాడేవారు. ఆ సీసా గురించి మొదటి వారంలోనే చెప్పారు. "ఇది మంచి మందే పాపా, ఏడ పెట్టాలో తెలిస్తే. ముందు గాయాన్ని ఒత్తి తుడువు. దూదికొన తడిపి, బాగా పిండి, రక్తం వచ్చే చోటే అద్దు. పోసినావంటే మాంసం కాలుతుంది. ముఖం మీద మచ్చ నిలిచిపోతుంది. కంటి దగ్గరికి మాత్రం తేవద్దు." పెద్ద డాక్టరుకు ఇంత ఓపిక లేదు. బయట జనం కూర్చుని ఉంటే ఆయన చేతికి ముందు ఆ సీసాయే వచ్చేది.

ఒకరోజు పిక్కిలి అనే పల్లె నుంచి మునెమ్మ వచ్చింది. కట్టడం పనుల్లో ఇటుకలు మోసే మనిషి. పైరెప్ప అంచున పులిపిరి పెరిగి చూపుకు అడ్డం వస్తోంది. శకుంతలమ్మ దాన్ని కోసి తీశారు. రక్తం ఆగకుండా ఊరుతూ ఉంటే, గాజుగుడ్డ మడిచి రెప్ప మీద మెల్లగా ఒత్తి పట్టుకున్నారు. అంతలో పెద్ద డాక్టరు లోపలికొచ్చి, ఇంతసేపేమిటని విసుక్కుంటూ, సీసాలో ముంచిన దూదిని కారుతుండగానే కంటి మీదికి తెచ్చారు. శకుంతలమ్మ రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నారు.

ఆస్పత్రి తనదని ఆయన గుర్తుచేశారు.

"ఆస్పత్రి మీదే సార్. కన్ను ఈమెది," అన్నారు శకుంతలమ్మ అరవంలో. గొంతు పెంచలేదు, చెయ్యి వదల్లేదు. దూదినుంచి కారిన చుక్కలు ఆమె చీర మీద పడ్డాయి. ఆయన దూదిని పళ్ళెంలోకి విసిరి వెళ్ళిపోయాక, ఏమీ కాలేదన్నట్టు మళ్ళీ ఒత్తి పట్టుకున్నారు. "కన్ను పోతాదా అమ్మా?" అని మునెమ్మ అడిగింది. "పోనిస్తానా? కదలకుండా పండుకో," అన్నారు. కాసేపటికి గుడ్డ తీసి చూస్తే రక్తం ఆగింది.

సాయంత్రం పెద్ద డాక్టరు శకుంతలమ్మను రేపటినుంచి రావద్దన్నారు. తరువాత నన్ను పిలిచి, డాక్టరమ్మకు చేతకాక రక్తం ఎక్కువ పోయిందని మునెమ్మ మొగుడితో చెప్పమన్నారు. అప్పటిదాకా ఆయన ముందు తలెత్తని దాన్ని. "చూసింది చెప్తాను సార్. చూడనిది నాకు రాదు," అన్నాను. నా ఉద్యోగం కూడా ఆ మాటతోనే పోయింది. ఇంట్లో అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది, పోయి కాళ్ళు పట్టుకోమంది. నేను పోలేదు.

పక్కనే ఉన్న సోగత్తూరులో రేకుల గది అద్దెకు తీసుకుని శకుంతలమ్మ బోర్డు కట్టారు; నేనూ అక్కడే చేరాను. ఆమెకు రక్తమంటే భయమని పెద్ద డాక్టరు ఊళ్ళో పుకారు పుట్టించారు. చాలాకాలం గది ఖాళీగానే ఉంది. ఇదేమిటమ్మా, మీరు బదులు చెప్పరా అని నేను ఉడుక్కుంటే ఆమె నవ్వేశారు. "భయమే అని చెప్పు పాపా. ఇంకొకరి ఒంటి మీద కత్తి పెట్టేదానికి భయం ఉండాల్సిందే." జనం మెల్లగానే వచ్చారు. పెద్ద ఆస్పత్రికి వచ్చినంత మంది మాకు ఎన్నడూ రాలేదు. అందుకు ఆమె బాధపడగా నేను చూడలేదు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ తరువాత నేను పనిచేసిన చోట్ల "ఈ నర్సుకు నోరెక్కువ" అనిపించుకున్నాను. ఒకచోట అందుకే పంపించేశారు కూడా. క్షమాపణ రాసిస్తే ఉండనిస్తామన్నారు. బల్లమీద పెట్టిన కాగితాన్ని తెల్లగానే వెనక్కి తోసి, నా సంచీ తీసుకుని బయటికి నడిచాను.