ఐదు ఇత్తడి బిళ్ళలు

గుంటూరు మిర్చి యార్డు దగ్గరి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర సిలార్ ఇరవై ఏళ్ళు హమాలీలకు ఇత్తడి బిళ్ళలు పంచాడు. బిళ్ళ మెడలో ఉంటేనే బస్తా ముట్టుకోవాలి. పని దిగాక మేకుకు తగిలించి పోవాలి. ఆ ఎండలో నిలబడీ నిలబడీ అతని మోకాళ్ళు మొరాయించాక, యజమాని బుల్లయ్య దయతలచి 2001లో కంప్యూటర్ల గది అప్పగించి, ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. "సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళొచ్చి తప్పు పట్టారా, మళ్ళీ గేటుకే," అని కూడా చెప్పాడు.

గదిలో కంప్యూటర్లు ఏడు. అన్నిటికీ కలిపి సర్వర్ ఒకటి. ఆ సర్వర్ సాఫ్ట్‌వేర్ కొన్నాక తెలిసిందేమంటే, దాన్ని వాడుకోవడానికి మళ్ళీ వేరే లైసెన్సులు కావాలట. ఇల్లు కొన్నాక గడప దాటడానికి చీటీ రాయించుకోమన్నట్టుంది వ్యవహారం. బుల్లయ్య తిట్టుకుంటూ ఐదు తీసుకున్నాడు. ఒకేసారి ఐదుగురు సర్వర్‌లోకి ఎక్కొచ్చు. ఆరోవాణ్ణి సర్వర్ పొమ్మంటుంది. ఎవరు ఎక్కారో, ఎవరు దిగలేదో తెలీక గుమాస్తాలు రోజూ కొట్లాడుకునేవాళ్ళు.

సిలార్‌కి ఇది తెలిసిన విద్యే. నంబర్లు కొట్టించి ఐదు ఇత్తడి బిళ్ళలు చేయించి మేకులకు తగిలించాడు. బిళ్ళ వేసుకుని ఎక్కాలి, దిగాక తగిలించాలి. కొట్లాటలు ఆగిపోయాయి. అది చూసి ముచ్చటపడ్డ బుల్లయ్య, ఓనరుకు బిళ్ళ లేకపోతే ఏం మర్యాద అని ఒకటి మెళ్ళో వేసుకున్నాడు. ఆయనకు మౌస్ ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. తీయమని అడిగే ధైర్యం సిలార్‌కి లేదు. పాపం, గుమాస్తాలు నాలుగు బిళ్ళలతోనే నెట్టుకొచ్చారు.

మార్చిలో, సీజను మధ్యలో, కంపెనీ ఇంజనీరు శ్రీకృష్ణ తనిఖీకొచ్చాడు. బుల్లయ్యే వెంటబెట్టుకుని గదిలోకి తీసుకొచ్చాడు.

"ఏడు మిషన్లకి ఐదే లైసెన్సులా?" అన్నాడు.

సిలార్‌కి గేటు దగ్గరి ఎండ కళ్ళముందు మెదిలింది. భయంభయంగా బిళ్ళల సంగతి చెప్పాడు. ఇంజనీరు సర్వర్‌లో రికార్డు చూసి నవ్వాడు.

"మీరు తీసుకున్న పద్ధతికి మిషన్లు ఎన్నున్నా ఫర్వాలేదండీ. ఒకేసారి ఐదు దాటకూడదు, అంతే. మీరు దాటలేదు. కానీ ఎప్పుడు చూసినా నలుగురే ఎక్కారు. ఐదోది ఏమైంది?"

గుమాస్తాలంతా బుల్లయ్య మెడ వంక చూశారు. సిలార్ నేల వంక చూశాడు.

"అయ్యగారి దగ్గరుందండీ," అన్నాడు. "ఖాళీగానే ఉంది."

బుల్లయ్య బిళ్ళ తీసి మేకుకు తగిలించాడు.

"సిలారూ, రేపు పొద్దున ఈ గదికి రావద్దు."

సిలార్ మోకాళ్ళు అప్పుడే నొప్పెట్టడం మొదలుపెట్టాయి.

"ఇత్తడి కొట్టుకెళ్ళి నాకో బిళ్ళ చేయించుకురా," అన్నాడు బుల్లయ్య. "నంబరేం వద్దు. కాస్త పెద్దది చేయించు."