మామూలు రంగు

"...అది కాదు మామయ్యా, మామూలు రంగంటే ఏ రంగు? కంపెనీ పేరు చెప్పండి. డబ్బా మీద నంబరు చెప్పండి."

"మామూలంటే మామూలే. పొద్దున్నే నా బుర్ర తినకు."

"మీ బుర్ర తినడం నాకేమైనా సరదానా? ఒకసారి ఆ మాటే రాసి ఇప్పుడు తల పట్టుకున్నాం కదా!"

రంగుల షెడ్డు గుమ్మంలో కోడలు, లోపల తొట్టి పక్కన మామ. తోళ్లు ఆరేస్తున్న ఇద్దరు పనివాళ్లు విననట్టు నటిస్తూ అంతా వింటున్నారు.

"పాస్‌పోర్టమ్మా, సంచులకేనా, మాకూ ఇస్తావా పాస్‌పోర్టు?" అన్నాడొకడు.

"నీకెందుకురా, నువ్వు గేటు దాటితే కదా" అన్నాడు రెండోవాడు.

ఆమెకు నవ్వు రాలేదు. ఫోను కొంగులో చుట్టుకుని మేడమెట్ల వైపు నడిచింది.

ఆమె ఈ తోలు సంచుల కార్ఖానాలో మొదట ప్యాకింగులో చేరింది. పని ఇప్పించింది మామగారే. తర్వాత విదేశాల్లో కొనేవాళ్లు ప్రతి సంచికీ డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలన్నారు. అది లేని సరుకు వాళ్ల దేశంలో అడుగుపెట్టదట. "నీకు కంప్యూటరు వచ్చు కదమ్మా" అని యజమాని ఆమెను మేడ మీద గదిలో కూర్చోబెట్టాడు. సంచి లోపలి గుడ్డకు కుట్టిన చిన్న గళ్ల గుర్తు మీద ఫోను పెడితే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ కనబడాలి. తోలు ఎక్కడిది, రంగు ఏది, తెగితే ఎలా బాగుచేయాలి, పాతబడితే ఏం చేయాలి. అన్నిటికీ అడుగున, 'సమాచారానికి బాధ్యులు' అన్నచోట, ఆమె పేరు.

ఏదైనా అడగడానికి వెళ్తే అందరూ ఆమెను పోలీసును చూసినట్టు చూస్తారు. కంప్యూటర్లో ఒక్క గడి ఖాళీగా వదిలినా తెర ఎర్రబడుతుంది. ఆలస్యం చేస్తే రాసిందంతా పోయి మళ్లీ మొదటికొస్తుంది. మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద చెయ్యి వేసుకోవడం ఈ మధ్యే అలవాటైంది.

కిందటి సరుకు వెళ్లే రోజు సాయంత్రం, విసుగెత్తి, రంగు గడిలో మామగారు చెప్పిన మాటే రాసేసింది. 'మామూలు.' రాసినదాన్ని అవతలి భాషలోకి మార్చేది యంత్రం. దానికి మామూలుకు తెలిసిన అర్థం ఒక్కటే. అక్కడ సంచి తెరిచి ఫోను పెట్టిన అధికారికి 'వాడిన రంగు: లంచం' అని కనబడింది.

కార్ఖానా అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "యంత్రమైనా ఉన్నమాట అంది" అన్నారు. కొన్నవాళ్లు మాత్రం నవ్వలేదు. రంగేమిటో తేల్చేదాకా పెట్టెలు రేవులోనే ఉంటాయని, కొత్త ఆర్డరు ఆ తర్వాతేనని రాశారు. కుట్టు విభాగంలో సగం మిషన్ల మీద గుడ్డలు కప్పారు. అందులో ఒకటి ఆమె భర్తది.

"ఇందులో ఏముందమ్మా" అన్నాడు యజమాని, ఆమె మేడెక్కగానే. "పోయినేడాది రంగు పరీక్ష రిపోర్టు ఉంది కదా. ఆ నంబరు వేసెయ్. నలుపు నలుపే."

"అదే రంగైతే వేస్తాను సార్."

"మీ మామ మామూలే అంటున్నాడుగా! ఇంట్లో మనిషిని నమ్మవా? రేపు పొద్దున్నకల్లా అయిపోవాలి."

ఆ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర మామగారు చెంచాతో తింటున్నారు. కొన్నాళ్లుగా అంతే. ఆమె చూస్తూనే ఉంది గాని అడగలేదు. ఆయన వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. ఇప్పుడు వేళ్ల సందుల్లో చర్మం లేచి ఎర్రగా కనబడుతోంది.

"చేతికేమైంది మామయ్యా?"

"మామూలే."

"ఇక వదిలెయ్యవే" అన్నాడు భర్త. "ఆ నంబరేదో వేస్తే రేపు మిషను మీద కూర్చుంటా. ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ ఎన్నాళ్లుండను?"

ఆమె కంచాలు తీసింది. గిన్నెలు తోముతుంటే మామగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"ఎప్పుడూ వచ్చే డబ్బా కిందటి సరుకప్పుడు రాలేదమ్మా. సరుకు ఆగకూడదన్నాడు సారు. బజార్లో విడిగా అమ్ముతుంటే పట్టుకొచ్చా. పైన కాగితం ముక్కయినా లేదు."

"ఏం రంగది?"

"నలుపు. అంతకుమించి తెలీదు. ఇన్నేళ్లు రంగుల్లో మునిగినవాణ్ని, ఏం వేశావంటే తెలీదని ఎలా చెప్పనమ్మా?"

ఆమె కుళాయి కట్టేసింది.

"సంచి పట్టుకున్నవాళ్ల చేతికీ అంటుతుందా?"

"తడిస్తే అంటుద్ది." ఆయన తన అరచేతులు చూసుకున్నారు. "ఆ నంబరే వేసెయ్యమ్మా. నాకోసం కాదు. వాడి మిషను కోసం."

పొద్దున మేడ మీద గదిలో యజమాని ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు. మామగారు గుమ్మం దాటి లోపలికి రాలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నారు. తెర మీద రంగు గడి ఎర్రగా ఉంది. కీబోర్డు పక్కన పాత రిపోర్టు.

"వేశావా అమ్మా?"

ఆమె రిపోర్టు మడిచి సొరుగులో పెట్టింది.

"ఈ సరుక్కి రంగు గడిలో 'తెలియదు' అని రాస్తున్నాను సార్."