తాత కళ్ల కోసం వేలంపాట

మా చిన్నప్పుడు... శనివారం సాయంత్రమైతే చాలు, తాత నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని, మర్నాడు చర్చిలో తాను చదవాల్సిన బైబిలు వాక్యాన్ని నాతో పైకి చదివించేవాడు. ఒకసారి కాదు... మళ్లీ, మళ్లీ. "నీ నాలుక జెర తిరగాలె బిడ్డా" అనేవాడు. నా చదువు మీద తాతకు ఎంత శ్రద్ధో అని నేను మురిసిపోయేదాన్ని.

భానూరు పక్కన చిన్న ఊరు మాది. తాత రిటైరైన బడిపంతులు. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి కాబట్టి, ఆదివారం వాక్యం చదివే పని కూడా ఆయనదే. లేచి నిలబడటం, గొంతు సవరించుకోవడం... వారమంతా ఆ కాసేపటి కోసమే ఎదురుచూసేవాడు.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ ఏడు ఆయన కళ్లల్లో పొర కమ్మింది. మోతిబిందు, అదే శుక్లం. దవాఖానకు పోతే ఊరంతా తెలుస్తుంది, తెలిస్తే చదివే పని ఇంకెవరికో ఇచ్చేస్తారు... అదీ ఆయన భయం. "మంచిగ తింటె అదే బాగైతది, ఎవ్వలకు చెప్పకు" అని నాయనమ్మ దగ్గర మాట తీసుకున్నాడు.

ఇక మా వంటిల్లు చూడాలి... పొన్నగంటి కూర, తోటకూర పప్పు, మునగాకు, తీపి గుమ్మడికాయ పులుసు. పొద్దున ఉడకబెట్టిన గుడ్డు, పగటిపూట బొప్పాయి ముక్కలు. పటాన్‌చెరు అంగడి నుంచి వచ్చే నాయనమ్మ గంపలో ఆకుపచ్చ, పసుపుపచ్చ తప్ప ఇంకో రంగు ఉండేది కాదు. మేం వంకాయ మొహం చూసి ఎన్నాళ్లయిందో. ఎవరైనా అడిగితే "మోకాళ్లకు మంచిదంట" అని బొంకేది. అన్నాళ్లూ ఆకుకూరను కంచం అంచుకు తోసేసిన మా తాత మారుమాట లేకుండా తినేవాడు.

అంతలో కోత పండుగ వచ్చింది. తెలియనివాళ్లకు చెబుతాను... ఎవరి చేనులో పండిన మొదటి పంటను వాళ్లు చర్చికి తెచ్చి పెడతారు. ప్రార్థన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. పిల్లలం చెరుకుగడల మీద కన్నేసి కూర్చునేవాళ్లం.

ఆ రోజు ముందుగా గుమ్మడికాయ వేలానికి వచ్చింది. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చిన పక్కింటి దానియేలు కాక పట్టుబట్టి పాడి, దాన్ని దక్కించుకున్నాడు. ఇంటికి పట్టుకుపోకుండా తెచ్చి తాత ముందు పెట్టాడు. బొప్పాయి పాడిన కరుణమ్మ అత్త కూడా అంతే. పొన్నగంటి కట్టలు... గుడ్ల బుట్ట... ఒక్కొక్కరూ పాడటం, తెచ్చి తాత కాళ్ల దగ్గర పెట్టడం. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాత ఆమె వైపు తిరిగాడు. "నువ్వు జెప్పినవా?"

"ఆమె ఏం జెప్పలేదు సారూ" అన్నాడు దానియేలు కాక మెల్లగా. "పోయిన ఐతారం మీరు పేజీ తిప్పకుంటనే అవుతలి పేజీ గూడ సదివిండ్రు."

ఎవరూ నవ్వలేదు.

"ఇవన్ని తినుండ్రి, మంచిదే. గని జెర దవాఖానకు గూడ పోండ్రి. మీరు మళ్ల వచ్చేదాంక ఆ జాగల మేమెవ్వలం నిలబడం" అన్నాడు కాక.

తాత ఆ గుమ్మడికాయ మీద చెయ్యేసి, తల దించుకుని చాలాసేపు ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. ఏమీ అర్థం కాకపోయినా వెళ్లి ఆయనకు ఆనుకుని కూర్చున్నాను.

ఆ వారమే సంగారెడ్డి దవాఖానలో చూపించారు. "పొర ఆకుకూరలతో పోదు పెద్దాయనా, ఆపరేషన్ చెయ్యాలి. కానీ ఈ తిండి మాత్రం మానొద్దు, వయసు పైబడే కొద్దీ కళ్లకు ఇదే బలం" అంది డాక్టరమ్మ. నాయనమ్మ మొదటి మాట అక్కడే వదిలేసి, రెండో మాట ఊరంతా చెప్పుకుని తిరిగింది.

ఆపరేషన్ అయ్యాక, మందపాటి అద్దాలు పెట్టుకుని తాత మళ్లీ లేచి నిలబడ్డాడు. నా నోట విని కంఠతా పట్టి అప్పజెప్పినన్నాళ్లూ ఒక్క తప్పు పోలేదు కానీ, నిజంగా చూసి చదివిన ఆ రోజు బాగానే తడబడ్డాడు. ఎవరికీ పట్టింపు లేదు...

ఇప్పుడు నాకూ నలభై దాటాయి. పొద్దస్తమానం కంప్యూటర్ ముందే. కళ్లకు ఏది మంచిదో ఫోను రోజూ చెబుతుంది, క్యారెట్లూ పాలకూరా గుమ్మం దాకా వచ్చి పడతాయి... తింటున్నాను కూడా. కానీ ఈమధ్య నేను కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని చదువుతున్నానని ఇంతవరకూ ఒక్కరూ గమనించలేదు.

మీ ఇంట్లో ఎవరి కళ్ల కోసం ఎవరు ఏం వండిపెట్టేవారు? రాయండి... ఆ చూసుకునే మనుషుల గురించి వినాలని ఉంది.